కెమెరామన్ వెనక ఎవరున్నారు?

టీవీలో ఏ పాదయాత్ర అయినా చూడండి. నాయకుడు ముందుకు నడుస్తుంటాడు, జనం ఆయన వెంట నడుస్తుంటారు. ఆ దృశ్యం మన ఇంట్లో టీవీ దాకా రావాలంటే ఒక మనిషి మాత్రం వెనక్కి నడవాలి. భుజం మీద కెమెరా, కన్ను వ్యూఫైండర్‌లో, అడుగులు వెనక్కి. రోడ్డు మీద గుంత, స్పీడ్‌బ్రేకర్, పోలీసులు పట్టుకున్న తాడు, నెమ్మదిగా కదులుతున్న ప్రచార రథం, వీటిలో ఏదీ అతనికి కనిపించదు. 2003లో వైఎస్ రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి బయలుదేరిన నాటి నుంచి తెలుగు నేల మీద ఎవరెవరు ఎన్ని కిలోమీటర్లు నడిచారో పార్టీలన్నీ లెక్కలు చెప్తాయి. అదే దూరాన్ని వెనక్కి నడిచినవాళ్ల లెక్క ఎవరి దగ్గరా లేదు.

పెద్ద కెమెరాల రోజుల్లో ఆ మనిషి వెనక ఇంకో మనిషి ఉండేవాడు. కెమెరా అసిస్టెంట్. ఒక చేతిలో స్టాండ్, భుజానికి బ్యాటరీల సంచి, ఇంకో చెయ్యి కెమెరామన్ నడుం బెల్టు మీద. ‘అన్నా, మెట్టుంది’, ‘అన్నా, ఎడమకు రా’, ‘ఆగన్నా, బండి వస్తోంది’. ఈ మూడు ముక్కలే అతని ఉద్యోగంలో సగం. అతన్ని సామాను మోసే మనిషిగానే ఆఫీసు లెక్కేసింది. కెమెరా చిన్నదై, టేపు పోయి కార్డు వచ్చి, బరువు తగ్గేసరికి, మోయడానికి ఏమీ లేనప్పుడు ఈయనెందుకు అనుకుంది. చాలా చోట్ల ఆ పోస్టు మాయమైంది. కొన్నాళ్లకు రిపోర్టర్, కెమెరామన్ ఒక్కరే అయ్యారు. జిల్లాల్లో అయితే స్ట్రింగరే డ్రైవరు, కెమెరామన్, రిపోర్టరు, ఎడిటరు. తీసేసింది సామాను మోసే చేతుల్ని అనుకున్నారు కానీ, నిజానికి పోయింది ఒక జత కళ్లు.

గత పాతికేళ్లలో దక్షిణాసియాలో కెమెరా పట్టుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల కథలు చదివితే, కారణాలు వేర్వేరుగా కనిపిస్తాయి. తూటా, బాంబు, వరద. వాటిలో చాలావాటిని కాస్త దగ్గరగా చూస్తే వెనకా పక్కనా ఏం జరుగుతోందో చూసి చెప్పే మనిషి లేకపోవడమో, చెప్పినా ‘వెనక్కి వచ్చెయ్’ అనే ఆఫీసు లేకపోవడమో కనిపిస్తుంది.

కన్నూ చెవీ మూసుకుని చేసే పని

భుజం మీద పెట్టుకునే వీడియో కెమెరాలను కుడి భుజం కోసమే తయారుచేస్తారు. ముఖం కెమెరాకు ఎడమ పక్కన ఆనుకుని ఉంటుంది. అంటే కెమెరా శరీరమే కుడి వైపు గోడలా నిలబడుతుంది. కుడి కన్ను వ్యూఫైండర్‌లో ఉంటుంది. చాలామంది ఎడమ కన్ను మూసేస్తారు. తెరిచి ఉంచే అలవాటు ఉన్నవాళ్లకు కూడా దృష్టంతా ఫ్రేమ్ మీదే. శబ్దం సరిగ్గా రికార్డవుతోందో లేదో చూడాలంటే చెవులకు హెడ్‌ఫోన్లు. అప్పుడు వినిపించేది మైకు ముందున్న గొంతు. వెనక నుంచి వచ్చే లారీ హారన్, కూలబోతున్న గోడ చప్పుడు, ‘పరిగెత్తండి’ అన్న కేక అన్నీ దూరంగా, మసగ్గా చేరతాయి.

దీనికి తోడు లెన్సు చేసే మాయ ఒకటి ఉంది. వైడ్ లెన్సులో చూస్తే వస్తువులు ఉన్నదానికంటే చిన్నగా, దూరంగా కనిపిస్తాయి. జల్లికట్టు ఎద్దు, దారి తప్పిన ఏనుగు, బారికేడ్ దాటిన కారు ఫ్రేమ్‌లో ఇంకా దూరంలోనే ఉన్నట్టుంటాయి. కన్ను తీసి చూసేసరికి నాలుగు గజాల్లో ఉంటాయి. జూమ్ చేసినప్పుడు సంగతి తిరగబడుతుంది. దూరంగా ఉన్నది పెద్దగా కనిపిస్తుంది, కాళ్ల దగ్గర ఏముందో పూర్తిగా మరుగున పడుతుంది. ఫోన్‌తో తీసేవాళ్లు మాకు వ్యూఫైండర్ లేదు కదా అనుకోవచ్చు. ఫోన్ కెమెరా మామూలుగా వైడ్ లెన్సే. పైగా చూపు ఆరు అంగుళాల తెర దాటి పోదు.

వీటన్నిటికంటే చిక్కైనది మనసులో జరుగుతుంది. ఫ్రేమ్‌లో కనిపించే ప్రమాదం ప్రమాదంలా అనిపించదు, ‘విజువల్’లా అనిపిస్తుంది. 1973 జూన్ 29న చిలీ రాజధాని శాంటియాగోలో సైనిక తిరుగుబాటు ప్రయత్నం జరిగింది. స్వీడన్ టెలివిజన్ కోసం పనిచేస్తున్న అర్జెంటీనా కెమెరామన్ లియొనార్డో హెన్రిచ్‌సెన్ వీధిలో సైనికులను చిత్రీకరిస్తున్నాడు. ఒక సైనికుడు తుపాకీ ఆయన వైపు తిప్పి కాల్చాడు. కెమెరా తిరుగుతూనే ఉంది. తన హంతకుణ్ని తానే చిత్రీకరించిన మనిషిగా ఆయన చరిత్రలో మిగిలిపోయాడు. దాన్ని ధైర్యం అనే రాస్తుంటారు. ధైర్యం ఉండే ఉంటుంది. కానీ కెమెరా పని చేసేవాళ్లను అడిగితే ఇంకో మాట కూడా చెప్తారు: కన్ను వ్యూఫైండర్‌లో ఉన్నంతసేపు, ఎదురుగా ఉన్నవాడు తననే చూస్తున్నాడని తట్టదు.

అందుకే ఈ రంగంలో శిక్షణ ఇచ్చేవాళ్లు మొదట నేర్పేది కన్ను తీయడం. షాట్ షాట్‌కీ మధ్య తల ఎత్తి చుట్టూ చూడాలి. షాట్ మొదలుపెట్టే ముందే బయటపడే దారి ఎటో చూసుకోవాలి. వీపు వెనక గోడో స్తంభమో ఉండేలా నిలబడాలి. ఇద్దరు ఉంటే రెండో మనిషి కెమెరా చూస్తున్న వైపు చూడకూడదు, దానికి వ్యతిరేక దిక్కున చూడాలి. వినడానికి తేలిక. మంచి విజువల్ ఎదురుగా ఉన్నప్పుడు చేయడమే కష్టం.

తుపాకీ ఉన్న చోట

2012 డిసెంబర్ 23న ఇంఫాల్‌లో ఒక నటిపై జరిగిన వేధింపులకు నిరసనగా జనం రోడ్డెక్కారు. పోలీసులు కాల్పులు జరిపారు. ప్రైమ్ న్యూస్ కెమెరామన్ ద్విజమణి సింగ్ ఆ నిరసనను చిత్రీకరిస్తూ తూటా తగిలి చనిపోయారు. మరుసటి ఏడాది సెప్టెంబర్ 7న ముజఫర్‌నగర్ అల్లర్లలో ఐబీఎన్7కు పార్ట్‌టైమ్‌గా పనిచేసే రాజేశ్ వర్మ వీధిలో ఘర్షణను చిత్రీకరిస్తుండగా కాల్పులకు బలయ్యారు. అదే రోజు అక్కడ ఇంకో కెమెరా మనిషి కూడా చనిపోయాడు. అతను ఏ చానెల్‌కూ చెందినవాడు కాదు. పరిస్థితిని రికార్డు చేయడానికి పోలీసులు కిరాయికి పిలుచుకున్న స్థానిక ఫొటోగ్రాఫర్. పెళ్లిళ్లకు వెళ్లినట్టే ఆ రోజు అల్లర్లకు వెళ్లాడు. బందోబస్తుకు, ఎన్నికల నిఘాకు, కూల్చివేతలకు ఇలా రోజు కిరాయికి వీడియోగ్రాఫర్లను పిలవడం దేశమంతా ఉన్న అలవాటు. హెల్మెట్, కవచం ఉన్న పోలీసుల పక్కన అతను చొక్కాతో నిలబడతాడు.

గుంపుల మధ్య పనిచేసేవాళ్లకు అనుభవం నేర్పిన నియమం ఒకటుంది. పోలీసులకూ నిరసనకారులకూ మధ్య ఖాళీలోకి దిగకూడదు. దృశ్యం అక్కడే బాగుంటుంది, రాయీ లాఠీ తూటా కలుసుకునేదీ అక్కడే. పక్కగా, కాస్త ఎత్తులో, గోడకు ఆనుకుని నిలబడితే చిత్రం కొంచెం వెలితిగా ఉంటుంది, అంతే. బాష్పవాయువు వదిలితే గాలికి ఎదురు వైపుకు జరగాలి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు ఆ రోజు కళ్లజోడుతో వెళ్లడం మేలు.

ఎవరితో కలిసి వెళ్తున్నామన్నది ఇంకా పెద్ద ప్రశ్న. 2018 అక్టోబర్ 30న ఛత్తీస్‌గఢ్ ఎన్నికల వార్తల కోసం ఢిల్లీ నుంచి వచ్చిన ముగ్గురు సభ్యుల దూరదర్శన్ బృందం దంతెవాడ జిల్లా నీలవాయ వైపు వెళ్తోంది. మావోయిస్టు ప్రాంతం కాబట్టి పోలీసుల రక్షణ. మోటార్ సైకిళ్ల మీద పోలీసులతో కలిసి ప్రయాణం. దారిలో మావోయిస్టులు కాల్పులు జరిపారు. ఒడిశాకు చెందిన కెమెరామన్ అచ్యుతానంద సాహు అక్కడికక్కడే చనిపోయారు. పోలీసులూ ప్రాణాలు కోల్పోయారు. బృందంలోని కెమెరా అసిస్టెంట్ నేల మీద పడుకుని, తూటాల చప్పుళ్ల మధ్య, ఇక బతకనేమో అనుకుంటూ ఫోన్‌లో తన తల్లికి సందేశం రికార్డు చేశాడు. దేశమంతా ఆ వీడియో చూసింది. ఆయన బతికి బయటపడ్డాడు. తర్వాత మావోయిస్టుల పేరుతో ఒక ప్రకటన వచ్చింది. టీవీ బృందం ఉందని తమకు తెలియదని, విలేకరులు బలగాలతో కలిసి రావద్దని దాని సారాంశం. చంపినవాళ్లు చెప్పిన మాటను ఎంతవరకు నమ్మాలన్నది వేరే చర్చ. కానీ సాయుధుల వరుసలో బండి మీద వెళ్తున్న మనిషిని పొదల్లోంచి చూసేవాడు విలేకరిగా గుర్తుపట్టలేడన్నది నిజం. రక్షణగా ఇచ్చిన పోలీసే ఆ దారిలో గురికి గుర్తు అయ్యాడు.

భుజం మీద కెమెరాను దూరం నుంచి చూస్తే ఆయుధంలా కనిపించడం మరో ఇబ్బంది. 2003 ఆగస్టు 17న బాగ్దాద్ శివార్లలోని అబూ ఘ్రైబ్ జైలు బయట రాయిటర్స్ కెమెరామన్ మజెన్ దానాను అమెరికా సైనికులు ట్యాంకు మీంచి కాల్చి చంపారు. ఆయన భుజం మీదున్నది రాకెట్ లాంచర్ అనుకున్నామని సైన్యం వివరణ ఇచ్చింది. అందుకే ఘర్షణ ప్రాంతాల్లో అనుభవజ్ఞులు సైనికుల వైపు ఒక్కసారిగా కెమెరా ఎత్తరు. ముందు కనబడతారు, చేతులు కనిపించనిస్తారు, ఆ తర్వాతే భుజానికి ఎత్తుకుంటారు.

రెండో పేలుడు

బాంబు పేలిన చోటికి అందరికంటే ముందు పరిగెత్తేది అంబులెన్సు, పోలీసు, కెమెరా. ఈ సంగతి బాంబు పెట్టేవాళ్లకూ తెలుసు.

2000 ఆగస్టు 10న శ్రీనగర్‌లో మొదట ఒక చిన్న పేలుడు జరిగింది. పోలీసులు, విలేకరులు అక్కడ గుమిగూడాక కారు బాంబు పేలింది. చనిపోయినవారిలో హిందుస్థాన్ టైమ్స్ ఫొటోగ్రాఫర్ ప్రదీప్ భాటియా ఉన్నారు. 2013 జనవరి 10న క్వెట్టాలోని అలమ్‌దార్ రోడ్డులో మొదటి పేలుడు వార్త విని వెళ్లిన సమా టీవీ కెమెరామన్ ఇమ్రాన్ షేక్, ఆ చానెల్ రిపోర్టర్ కొద్ది నిమిషాల తర్వాత జరిగిన రెండో పేలుడులో పోయారు. అదే నగరంలో 2016 ఆగస్టు 8న ఒక న్యాయవాద నాయకుణ్ని కాల్చి చంపారు. శవం ఆసుపత్రికి చేరింది, న్యాయవాదులూ చానెళ్లవాళ్లూ అక్కడికి చేరారు. బాంబు ఆసుపత్రిలో పేలింది. పదుల సంఖ్యలో న్యాయవాదులతో పాటు ఆజ్ టీవీ, డాన్ న్యూస్ కెమెరామన్లు ఇద్దరు చనిపోయారు. 2018 ఏప్రిల్ 30న కాబూల్‌లో ఈ పద్ధతి ఇంకో మెట్టు దిగజారింది. మొదటి పేలుడు తర్వాత గుమిగూడిన విలేకరుల మధ్యకు రెండో వ్యక్తి విలేకరి వేషంలో వచ్చి పేల్చుకున్నాడు. ఏఎఫ్‌పీకి చెందిన షా మరై సహా తొమ్మిది మంది జర్నలిస్టులు అక్కడ చనిపోయారు.

మనకు ఇది దూరపు సంగతి కాదు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు బాంబులు నిమిషాల తేడాతో, దగ్గరదగ్గరగానే పేలాయి. పేలుడు జరిగిన చోటికి వెంటనే దగ్గరగా వెళ్లకూడదని, గుంపులో కాకుండా దూరంగా గోడ చాటున నిలబడి జూమ్‌లో తీయాలని, వదిలేసిన సంచుల పక్కన, ఆగి ఉన్న వాహనాల పక్కన స్టాండ్ వేయకూడదని శిక్షణల్లో చెప్తారు. ‘పక్క చానెల్‌లో క్లోజప్ విజువల్స్ వస్తున్నాయి, మనకెందుకు రాలేదు’ అని ఆ నిమిషంలో డెస్క్ నుంచి ఫోన్ వస్తే ఈ పాఠం అక్కడితో సరి. ఆ ఫోన్ చేసే మనిషికి కూడా శిక్షణ కావాలన్న మాట మాత్రం తక్కువగా వినిపిస్తుంది.

నడుం లోతు నీళ్లలో లైవ్

బాంబులు, తూటాల గురించి రాస్తే ఈ ప్రమాదం ఎక్కడో కశ్మీర్‌లోనో క్వెట్టాలోనో ఉందనిపిస్తుంది. తెలుగు జిల్లాల్లో పనిచేసేవాళ్లకు అసలు ప్రమాదం ఆగస్టు వాగు.

2022 జులై వానల్లో జగిత్యాల జిల్లాలో గోదావరి మధ్య కూలీలు చిక్కుకుపోయారన్న వార్తకు వెళ్లిన ఎన్టీవీ విలేకరి జమీరుద్దీన్ తిరిగి వస్తుండగా రాయికల్ మండలం రామోజీపేట దగ్గర వాగులో కారు కొట్టుకుపోయింది. ఆయన మృతదేహం కొన్ని రోజుల తర్వాత దొరికింది. అంతకు ముందు ఏడాది, 2021 సెప్టెంబర్ 24న కటక్ దగ్గర ముండలి వద్ద మహానదిలో ఏనుగు చిక్కుకుంది. విపత్తు దళం వాళ్ల పడవలో ఓటీవీ బృందం కూడా ఎక్కింది. బ్యారేజీ దగ్గర ఉధృతికి పడవ తిరగబడింది. రిపోర్టర్ అరిందమ్ దాస్ చనిపోయారు. కెమెరామన్ ప్రాణాపాయ స్థితిలో ఆసుపత్రి పాలయ్యారు. దళ సభ్యుడు కూడా ప్రాణం కోల్పోయాడు.

నీటి లెక్క చాలామంది అనుకున్నదానికంటే కఠినంగా ఉంటుంది. వేగంగా పారే నీళ్లు అర అడుగు ఉంటే చాలు, పెద్దమనిషి కాలు నిలవదు. అడుగు నీళ్లు చిన్న కారును తేలుస్తాయి. రెండు అడుగులైతే చాలా వాహనాలు కొట్టుకుపోతాయి. వాగు మీద రోడ్డు కనిపిస్తోందంటే అది ఉన్నట్టు కాదు, కింద మట్టి కోసుకుపోయి ఉండొచ్చు. రాత్రి పూట అయితే లోతూ వేగమూ రెండూ తెలియవు. వెళ్లేటప్పుడు దాటిన వాగును వచ్చేటప్పుడు కూడా దాటొచ్చనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. పైన కురిసిన వాన కిందికి చేరడానికి గంటలు పడుతుంది.

నగరాల్లో ఇదే సంగతి వేరే రూపంలో ఉంటుంది. రిపోర్టర్ నడుం లోతు నీళ్లలో నిలబడి మాట్లాడుతుంటే చూసేవాళ్లు ఆయన సాహసం గురించి నవ్వుకుంటారు, మీమ్‌లు చేస్తారు. ఆయన ఎదురుగా అదే నీళ్లలో ఇంకొకరు ఉన్నారు. రిపోర్టర్ కదిలితే ఈయన వెనక్కి కదలాలి. నీళ్ల కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉంటే ముందు పడేది ఈయనే. కెమెరా పట్టీ మెడకు వేసుకుని ఉంటే అది వదిలించుకోవడానికి పట్టే క్షణాలే ఎక్కువవుతాయి. నీళ్ల దగ్గర పనిచేసేటప్పుడు పట్టీ మెడకు వేసుకోకూడదు, బ్యాక్‌ప్యాక్ బకిల్స్ విప్పి ఉంచాలి, లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కకూడదు. సహాయక దళం పడవలో చోటు అడగడమే తప్పని కూడా చెప్పుకోవాలి. అది చిక్కుకున్నవాళ్ల కోసం వెళ్లే పడవ.

ఇరవై అడుగుల ఎత్తులో తీగ

11 కేవీ తీగ వీధికి అడ్డంగా వెళ్లేచోట నేల నుంచి కనీసం 6.1 మీటర్లు, వీధి పొడవునా వెళ్లేచోట 5.8 మీటర్లు ఎత్తులో ఉండాలని విద్యుత్ భద్రతా నిబంధనలు చెప్తాయి. 6.1 మీటర్లంటే ఇరవై అడుగులు. బహిరంగ సభల్లో, పెళ్లిళ్లలో వాడే జిమ్మీ జిబ్ క్రేన్ చెయ్యి ఇరవై, ముప్ఫై అడుగులు లేస్తుంది. అంటే నిబంధన ప్రకారం కట్టిన తీగను కూడా అది అందుకుంటుంది. వేసవిలో వేలాడే తీగల సంగతి చెప్పక్కర్లేదు. ఇంటి గోడకు 11 కేవీ తీగకు మధ్య అడ్డంగా ఉండాల్సిన దూరం 1.2 మీటర్లు. డాబా ఎక్కి మోనోపాడ్‌కు కెమెరా బిగించి ఊరేగింపు మీదకు చాపితే ఆ దూరం ఎంతసేపట్లో అయిపోతుందో చెయ్యి చాపి కొలుచుకోవచ్చు. అంత వోల్టేజీ దగ్గర తీగను తాకాల్సిన పని కూడా లేదు, బాగా దగ్గరికి వెళ్తే గాలిలోంచే దూకుతుంది.

2000 మే నెలలో లాస్ ఏంజెలెస్‌లో ఒక టీవీ చానెల్ లైవ్ వ్యాన్ మీది స్తంభం 34,500 వోల్టుల తీగను తాకింది. రిపోర్టర్ చెయ్యి, కాలులో కొంత భాగం కోల్పోయారు. అలాంటి ప్రమాదాల తర్వాతే, వ్యాన్ దిగి ముందు పైకి చూడాలన్న నియమం అమెరికా చానెళ్ల శిక్షణలో గట్టిపడింది. మన దగ్గర అలాంటి స్తంభాల వ్యాన్లు ఇప్పుడు పెద్దగా లేవు, బ్యాక్‌ప్యాక్‌లతోనే లైవ్ నడుస్తోంది. కానీ క్రేన్లు ఉన్నాయి, పొడవాటి కర్రలు ఉన్నాయి, వినాయక నిమజ్జనం లారీలు ఉన్నాయి, వాటి మీద ఎక్కే పెళ్లి వీడియోగ్రాఫర్లు ఉన్నారు. పైకి చూసే నియమం మాత్రం ఇంకా ఎవరి ఉద్యోగ వివరణలోనూ కనిపించదు.

నెమ్మదిగా వచ్చే దెబ్బలు కూడా ఉన్నాయి. పాత భుజం కెమెరా లెన్సు, బ్యాటరీ కలిపితే ఏడెనిమిది కిలోలు తూగేది. ఒకే భుజం మీద పదిహేనేళ్లు మోసినవాళ్లలో మెడ, నడుం నొప్పి లేనివాళ్లు అరుదు. అది ఉద్యోగం వల్ల వచ్చిన జబ్బుగా ఎక్కడా నమోదు కాదు.

అతను ఎవరి ఉద్యోగి?

2014 ఫిబ్రవరి 20న అమెరికాలోని జార్జియాలో ఒక సినిమా బృందం రైలు వంతెన మీద షూటింగ్ పెట్టుకుంది. ట్రాక్ మీద తీయడానికి రైల్వే కంపెనీ అనుమతి ఇవ్వలేదు. రైలు వచ్చింది. కెమెరా విభాగంలో అసిస్టెంట్‌గా పనిచేస్తున్న 27 ఏళ్ల సారా జోన్స్ చనిపోయింది. ఆ తర్వాత జరిగింది సినిమా రంగానికి కొత్త. మరుసటి ఏడాది దర్శకుడు కోర్టులో నేరం ఒప్పుకుని జైలుకు వెళ్లాడు. ఆమె పట్టాల మీదకు ఎందుకు వెళ్లిందని అడగలేదు, ఎవరు పంపారని అడిగారు.

ఇక్కడ ఆ రెండో ప్రశ్న అడగడానికి ముందు ఇంకో ప్రశ్న దాటాలి. అసలు అతను ఎవరి ఉద్యోగి? 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం వార్తాపత్రికల కోసం రాసింది. అందులో న్యూస్ ఫొటోగ్రాఫర్ ఉన్నాడు, టీవీ కెమెరామన్ లేడు, ఎందుకంటే అప్పటికి టీవీయే లేదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ ఆ నిర్వచనంలోకి ఎలక్ట్రానిక్, డిజిటల్ మీడియాను తెచ్చింది. మిగతా మూడు కార్మిక కోడ్‌లతో పాటు అది 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. ప్రమాదం లేని పని చోటు కల్పించడం యజమాని బాధ్యత అని, ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని అది చెప్తోంది. ప్రాణాపాయం ఉందనిపిస్తే యజమానికీ ఇన్‌స్పెక్టర్‌కూ తెలియజేసే హక్కు కూడా ఉంది. వాగు పొంగుతున్నప్పుడు ఇన్‌స్పెక్టర్‌కు అర్జీ ఎలా పెట్టాలన్నది వేరే సంగతి.

అసలు చిక్కు నియామక పత్రం దగ్గరే. జిల్లాల్లో, మండలాల్లో కెమెరా పట్టుకుని తిరిగేవాళ్లలో ఎక్కువ మందికి అది లేదు. వాళ్లు స్ట్రింగర్లు, కంట్రిబ్యూటర్లు. వార్తకింత అని ఇస్తారు, కొన్ని చోట్ల అదీ లేదు, చేతికి లోగో ఇచ్చి యాడ్స్ తెమ్మంటారు. కెమెరా అతనిదే, బండి అతనిదే, పెట్రోలు అతనిదే. అలాంటి మనిషి వాగులో కొట్టుకుపోతే చానెల్ సంతాపం ప్రసారం చేస్తుంది, ‘మా ప్రతినిధి’ అంటుంది. పరిహారం దగ్గరికి వచ్చేసరికి మా ఉద్యోగి కాదంటుంది. కేంద్ర సమాచార, ప్రసార శాఖ జర్నలిస్టు సంక్షేమ పథకం కింద మృతుడి కుటుంబానికి గరిష్ఠంగా 5 లక్షల రూపాయలు అందుతాయి. చాలాసార్లు అదే పెద్ద మొత్తం.

మహారాష్ట్ర 2017లో, ఛత్తీస్‌గఢ్ 2023లో విలేకరుల రక్షణకు చట్టాలు చేశాయి. మహారాష్ట్ర చట్టం కింద దాడి చేసినవాళ్లకు మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. మంచిదే. కానీ ఆ రక్షణంతా బయటి నుంచి వచ్చే దాడి గురించి. లైఫ్ జాకెట్ ఇవ్వకుండా పడవ ఎక్కించిన ఆఫీసు గురించి ఆలోచన తక్కువ.

రక్తం ఆపే పట్టీ, పక్క చానెల్ మిత్రుడు

2011 ఏప్రిల్ 20న లిబియాలోని మిస్రాతాలో మోర్టార్ దాడిలో గాయపడిన ఫొటోగ్రాఫర్, డాక్యుమెంటరీ దర్శకుడు టిమ్ హెథరింగ్టన్ తొడ దగ్గర రక్తనాళం తెగి, ఆసుపత్రికి చేరేలోపు రక్తం పోయి చనిపోయాడు. పక్కనున్నవాళ్లకు రక్తం ఎలా ఆపాలో తెలిసి ఉంటే బతికేవాడేమోనన్న బాధతో ఆయన మిత్రుడు సెబాస్టియన్ యుంగర్ ఫ్రీలాన్సర్లకు ప్రథమ చికిత్స నేర్పే ఆర్‌ఐఎస్‌సీ అనే సంస్థ పెట్టాడు. 1993లో మాస్కోలో చనిపోయిన ఫ్రీలాన్స్ కెమెరామన్ రోరీ పెక్ పేరు మీద నడుస్తున్న ట్రస్టు కూడా ఫ్రీలాన్సర్ల శిక్షణకు సాయం చేస్తుంది. గట్టిగా బిగించే పట్టీ, ఒత్తి పట్టుకునే గుడ్డ, వాటిని వాడటం తెలిసిన చేతులు. దీనికి యుద్ధమే రానక్కర్లేదు. జాతీయ రహదారి మీద రాత్రి రెండింటికి ప్రమాద వార్తకు వెళ్లే స్ట్రింగర్‌కు కూడా ఇది పనికొస్తుంది, తన కోసం కాకపోతే రోడ్డు మీద పడి ఉన్నవాడి కోసం.

కెమెరా అసిస్టెంట్ పోస్టులు తిరిగి వస్తాయని ఎవరూ ఆశించడం లేదు. ఖర్చు లేకుండా ఆ రెండో జత కళ్లు దొరికే చోట్లు మాత్రం ఇప్పటికే ఉన్నాయి. నగరాల్లో చానెల్ కారుకు డ్రైవర్ ఉంటాడు. బృందం దిగి వెళ్లాక అతను కారులో కూర్చుని ఫోన్ చూసుకుంటాడు, ఎందుకంటే అతనికి ఎవరూ ఇంకో పని చెప్పలేదు. కెమెరామన్ వెనక నిలబడి అటువైపు చూడటం అతనికి ఒక పూటలో నేర్పొచ్చు. రిపోర్టర్ కూడా, తాను మాట్లాడనప్పుడైనా, అదే పని చేయొచ్చు.

జిల్లాల్లో పరిస్థితి ఇంకా ఆసక్తికరం. అక్కడ పోటీ చానెళ్ల స్ట్రింగర్లు కలిసే తిరుగుతారు, ఒకే బండి మీద వెళ్తారు. ఒకరు తీసిన విజువల్స్ మిగతావాళ్లకు వాట్సాప్‌లో పంపుతారు. ‘జరగన్నా, లారీ’ అని లాగేది పక్క చానెల్ మిత్రుడే. వరదలప్పుడు అందరూ వాగు దాటక్కర్లేదని, గట్టు మీంచి ఒకరు తీస్తే చాలని వాళ్లకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఆ ఏర్పాటును చెడగొట్టేది డెస్క్ అడిగే ఒక్క మాట: ‘మన లోగో ఎక్కడ?’ వరద, కాల్పులు, పేలుడు, ఈ మూడింటికైనా పంచుకున్న విజువల్స్ ఒప్పుకుంటామని, లోగో అడగమని చానెళ్లు ఒక కాగితం మీద రాసుకుంటే, రామోజీపేట లాంటి వాగుల దగ్గర ఈ ఏడాది ఆగస్టులో కనీసం కొందరైనా గట్టు మీదే ఆగుతారు.